ఇండియా టోపీ లేని రైచూరు బ్యాటర్

సింధనూరు వైపు ఓ క్యాంపులో ఉన్న తెలుగు బడికి ఈమధ్య వెళ్లాను. ఎనిమిదో తరగతి పిల్లలను ఒక ప్రశ్న అడిగాను. "మన రైచూరులో పుట్టి పెద్ద క్రికెట్ ఆడినవాళ్లు ఎవరైనా తెలుసా?" ద్రవిడ్ అన్నారు, కుంబ్లే అన్నారు. వెనక బెంచీ నుంచి ఒకడు అంబటి రాయుడు అన్నాడు, తెలుగు పేరు కదా అని. ఆయనది గుంటూరు. చివరికి నేనే చెప్పాను. "యెరె గౌడ్." ఎవరూ వినలేదు. కాసేపు ఆగి ముందు వరుసలోని పిల్లాడు అడిగాడు. "ఇండియాకు ఆడాడా సార్?" లేదన్నాను. "అయితే మరి..." అని సగంలో ఆపేశాడు. మిగతా సగం నాకు వినబడింది. అయితే మరి ఆయన గురించి చెప్పడం ఎందుకు సార్ అని.

వాడి ప్రశ్న న్యాయమైనదే. మనం టీవీలో చూసేది ఇండియా మ్యాచ్, ఐపీఎల్. వాటిలో కనబడనివాడు ఆడనట్టే లెక్క. కానీ వందకు పైగా రంజీ మ్యాచ్‌లు ఆడిన మనిషిని, అదీ మన జిల్లాలో పుట్టినవాణ్ని, ఆడనివాడిగా లెక్కకట్టేస్తే మన లెక్కలోనే తప్పుంది. ఆ లెక్క సరిచేయడానికే ఈ వ్యాసం.

యెరె గౌడ్ 1971లో రైచూరులో పుట్టారు. కుడిచేతి వాటం బ్యాటర్, మిడిలార్డర్. 1990ల నడుమ కర్ణాటక తరఫున రంజీ ట్రోఫీలోకి వచ్చారు. ఆ జట్టు ఎలాంటిదో మీ నాన్నగారినో, మామయ్యనో అడగండి. ద్రవిడ్, కుంబ్లే, శ్రీనాథ్, వెంకటేశ్ ప్రసాద్, సునీల్ జోషి, విజయ్ భరద్వాజ్. 1995-96, 1997-98, 1998-99 సీజన్లలో, అంటే నాలుగేళ్లలో మూడుసార్లు రంజీ ట్రోఫీ గెలిచిన జట్టది. ఇండియాకు ఆడేవాళ్లు తీరిక దొరికినప్పుడల్లా వచ్చి చేరేవారు. వాళ్లు వచ్చినప్పుడు ఎవరో ఒకరు పక్కకు జరగాలి. పక్కకు జరిగేది ఎప్పుడూ కొత్తవాడే, అందులోనూ బెంగళూరుకు దూరంగా ఉన్న జిల్లా నుంచి వచ్చినవాడే.

దూరం అన్న మాట ఊరికే అనలేదు. రైచూరుకు హైదరాబాదే దగ్గర. 1956 దాకా మన జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. తర్వాత రాష్ట్రం మారింది, క్రికెట్ దారీ మారింది. కర్ణాటక క్రికెట్ సంఘంలో రైచూరు ఒక జోన్. ఈ జోన్ కుర్రాడు పైకి వెళ్లాలంటే జోన్ జట్టులో ఆడాలి, మిగతా జోన్ల మీద రాణించాలి, ఆ తర్వాత బెంగళూరులో పెద్దవాళ్ల కళ్లలో పడాలి. బెంగళూరు కుర్రాడు పొద్దున సైకిలెక్కి మైదానానికి పోతే, మనవాడు ముందురోజు రాత్రే కిట్టు బ్యాగు భుజాన వేసుకుని రైలెక్కాలి. నిద్రలేని కళ్లతో దిగి, అదే పొద్దున బ్యాటింగ్ చేయాలి. జిల్లా మైదానాల్లో చాలాచోట్ల చాప పరిచిన పిచ్ మీద ఆడిన అలవాటు, అక్కడేమో గడ్డి పెంచిన వికెట్. చాప మీద బంతి ఒక ఎత్తున లేస్తుంది, గడ్డి మీద జారి వస్తుంది. చూసే కన్ను, కదిలే కాలు రెండూ మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

కర్ణాటకలో చోటు ఇరుకని అర్థమయ్యాక గౌడ్ రైల్వేస్ జట్టుకు వెళ్లారు. ఇక్కడ కొంచెం ఆగాలి. ఈ జట్టు సంగతి మన రైచూరు పిల్లలకు కాక ఇంకెవరికి చెప్పాలి? మన ఊరు రైలు చరిత్రలో చిన్నది కాదు. బొంబాయి నుంచి వచ్చిన పట్టాలు, మద్రాసు నుంచి వచ్చిన పట్టాలు 1871లో కలిసింది రైచూరులోనే. మన స్టేషన్ ఏళ్ల తరబడి దక్షిణ మధ్య రైల్వేలో గుంతకల్లు డివిజన్ కింద ఉంటూ వచ్చింది. స్టేషన్లో దిగితే కన్నడ, తెలుగు, హిందీ, ఉర్దూ నాలుగూ చెవిన పడతాయి.

రంజీ ట్రోఫీ 1934-35లో మొదలైంది. అందులో ఆడేవి ఎక్కువగా రాష్ట్రాల జట్లు. రైల్వేస్‌కు రాష్ట్రం లేదు. రైల్వే ఉద్యోగులైన ఆటగాళ్ల జట్టది, సొంత మైదానం ఢిల్లీలోని కర్నైల్ సింగ్ స్టేడియం. 1958-59లో రంజీలోకి వచ్చింది. తమ రాష్ట్ర జట్టులో చోటు దొరకనివాళ్లు, దొరికినా నిలవనివాళ్లు, ఆటతోపాటు నెల జీతం కావలసినవాళ్లు అక్కడికి చేరేవారు. సంజయ్ బంగర్ మహారాష్ట్రలోని బీడ్‌లో పుట్టినవాడు. జై ప్రకాశ్ యాదవ్ భోపాల్. హర్విందర్ సింగ్ అమృత్‌సర్. మురళీ కార్తీక్ చెన్నైలో పుట్టి ఉత్తరాదిన పెరిగినవాడు. మన గౌడ్ రైచూరు. ఇంట్లో ఒక మాట, డ్రెస్సింగ్ రూంలో ఇంకో మాట. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ మాట్లాడే మీకు ఈ తంటా కొత్తేమీ కాదు. "నువ్వు ఆగు, నేను రానా" అన్న మాట పిచ్ మధ్యలో అర సెకనులో అవతలివాడికి అర్థం కావాలి. కాకపోతే రనౌట్.

ఆ జట్టుకు అభిమానులంటూ పెద్దగా లేరు. ముంబై గెలిస్తే ముంబై సంబరపడుతుంది. రైల్వేస్ గెలిస్తే ఏ ఊరు సంబరపడాలి? ఖాళీ మెట్ల ముందు ఆడడం వాళ్లకు అలవాటు. రంజీలోకి వచ్చాక నలభై ఏళ్లు దాటినా ఒక్కసారీ ట్రోఫీ దక్కలేదు. 2000-01లో ఫైనల్ దాకా వచ్చి బరోడా చేతిలో 21 పరుగుల తేడాతో ఓడారు. ఐదు రోజులు ఆడి 21 పరుగులు. మరుసటి ఏడు 2001-02లో మళ్లీ ఫైనల్, మళ్లీ అదే బరోడా. ఈసారి రైల్వేస్ గెలిచింది. వాళ్ల తొలి రంజీ ట్రోఫీ అది. 2004-05లో పంజాబ్‌ను దాటి రెండోసారి గెలిచారు. రంజీ విజేత జట్టు మిగతా దేశపు మేటి ఆటగాళ్ల జట్టుతో ఆడే ఇరానీ కప్‌ను కూడా రెండుసార్లు ఎత్తుకుపోయారు. ఈ మొత్తం కాలంలో మిడిలార్డర్‌లో పాతుకుపోయిన స్తంభం యెరె గౌడ్.

మిడిలార్డర్‌లో పాతుకుపోవడం అంటే ఏమిటో చెప్పకపోతే ఈ కథ సగమే. లీగ్ దశలో రంజీ మ్యాచ్ నాలుగు రోజులు సాగుతుంది. మ్యాచ్ తేలకపోతే తొలి ఇన్నింగ్స్‌లో ఎవరు ఎక్కువ పరుగులు చేశారో వాళ్లకు ఎక్కువ పాయింట్లు. అవతలి జట్టు 340 చేసిందనుకోండి. మీ జట్టు 60 పరుగులకు మూడు వికెట్లు పోగొట్టుకుంది. అప్పుడు ఐదో నంబరు బ్యాటర్ నడిచి వస్తాడు. బంతి ఇంకా కొత్తదే, బౌలర్లు ఉత్సాహంలో ఉన్నారు. ఇక్కడ సిక్సర్ కొడితే ఎవరూ మెచ్చుకోరు, కొట్టబోయి అవుటైతే ఎవరూ క్షమించరు. గంటసేపు బంతిని వదిలేయాలి. ఆఫ్ స్టంప్ పక్కగా పోయేదాన్ని ముట్టుకోకూడదు. భోజన విరామం దాకా నిలవాలి, తర్వాత టీ దాకా. సాయంత్రానికి చూస్తే ఎనభై పరుగులు. అవి ఎప్పుడు చేశాడో చూసినవాడికి కూడా సరిగ్గా గుర్తుండదు. అవతలి కెప్టెన్‌కు మాత్రం బాగా గుర్తుంటుంది.

ఇలాంటి ఆట టీవీకి పనికిరాదు. నిజం చెప్పాలంటే చూడడానికి కొంచెం విసుగ్గానే ఉంటుంది. ఆటను ఇష్టపడే నేను కూడా అలాంటి పూట ఒక కునుకు తీసి లేచానని ఒప్పుకుంటాను. లేచి చూస్తే స్కోరు పెద్దగా మారలేదు, బ్యాటర్ మాత్రం అక్కడే ఉన్నాడు. జట్టుకు కావలసింది అదే.

మరి ఇండియా ఎందుకు పిలవలేదు? గౌడ్ పరుగుల పంట పండిస్తున్న ఏళ్లలో ఇండియా మిడిలార్డర్ పేర్లు రాయండి. ద్రవిడ్, టెండూల్కర్, లక్ష్మణ్, గంగూలీ. ఖాళీ ఎక్కడుంది? గాయమైతే ఒక మ్యాచ్, మళ్లీ మామూలే. ముంబై బ్యాటర్ అమోల్ మజుందార్ కూడా ఇదే కాలంవాడు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో పదకొండు వేలకు పైగా పరుగులు చేసినా ఇండియాకు ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఆయన కోచ్‌గా ఉండగానే 2025లో మన అమ్మాయిలు ప్రపంచ కప్ గెలిచారు. గౌడ్ ఫస్ట్‌క్లాస్ పరుగులు ఏడు వేలకు పైనే. అయినా ఒక్క టెస్టు లేదు, ఒక్క వన్డే లేదు. ఇందులో ఎవరి కుట్రా లేదని నా అభిప్రాయం. కాలం అలా కలిసిరాలేదు. కాకపోతే, ఆ నలుగురూ లేని కాలంలో అంతకన్నా తక్కువ పరుగులతో ఇండియా టోపీ పెట్టుకున్నవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఆ మాట కూడా చెప్పాల్సిందే.

ఇప్పుడు కాసేపు జపాన్ వెళ్దాం. అక్కడ క్రికెట్ లేనట్టే. పిల్లలంతా ఆడేది బేస్‌బాల్. బంతి మన క్రికెట్ బంతికన్నా కొంచెం తేలిక, బ్యాటు గుండ్రని రోకలిలా ఉంటుంది. మైదానంలో నాలుగు మూలలుగా నాలుగు బేస్‌లు. ఒక బేస్ నుంచి ఇంకో బేస్‌కు 90 అడుగులు. కొట్టినవాడు వాటిని చుట్టి మొదటికి వస్తే ఒక పరుగు. ఇందులో రెండో బేస్‌కు, మూడో బేస్‌కు మధ్య నిలబడే ఫీల్డర్‌ను షార్ట్‌స్టాప్ అంటారు. కుడిచేతి బ్యాటర్ బలంగా లాగి కొడితే బంతి ఎక్కువగా అటే పోతుంది. నేలను రాసుకుంటూ దూసుకొచ్చే బంతిని పరుగెత్తి అందుకుని, మైదానం అవతలి వైపునున్న మొదటి బేస్‌కు గురిచూసి విసరాలి. ఎడమచేతికి తోలు గ్లోవ్, కుడిచేతికి విసిరే పని. మన దగ్గర పాయింట్‌లోనో కవర్స్‌లోనో నిలబడే చురుకైన ఫీల్డర్‌ను ఊహించుకోండి. రోజంతా అతని మీదికే బంతులు వస్తే ఎలా ఉంటుందో షార్ట్‌స్టాప్ బతుకు అలా ఉంటుంది. మోకాళ్లు, నడుము, భుజం అన్నీ త్వరగా అరిగిపోయే చోటు. అక్కడ ఏళ్ల తరబడి నిలవడం కష్టం.

అలా నిలిచినవాడు తకాషి తొరితాని. 1981లో టోక్యో ప్రాంతంలో పుట్టాడు. వసేదా విశ్వవిద్యాలయంలో చదువుతూ ఆడి, 2004లో హన్షిన్ టైగర్స్ జట్టులో చేరాడు. టైగర్స్ సొంత మైదానం పేరు కోషియెన్, 1924లో కట్టారు. ఆ మైదానం సంగతి మనవాళ్లకు నచ్చుతుంది. బేస్‌ల మధ్య గడ్డి ఉండదు, అంతా నల్లమట్టి. హైస్కూలు జట్ల జాతీయ పోటీలు జరిగేదీ అక్కడే. ఓడిపోయిన పిల్లలు కళ్లు తుడుచుకుంటూ ఆ మట్టిని గుప్పిళ్లతో సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్తారు. నల్లరేగడిలో ఆడుకుని, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోలేదని తిట్లు తినే మన పిల్లలకు ఇది వింతగానే తోస్తుంది.

తొరితాని గొప్పతనం ఒక్క దెబ్బలో లేదు. రోజూ రావడంలో ఉంది. ఆట తప్పకుండా వరుసగా 1,939 మ్యాచ్‌లు ఆడాడు. జపాన్ లీగ్ చరిత్రలో అది రెండో స్థానం. మొదటి స్థానం 2,215 మ్యాచ్‌లతో హిరోషిమా జట్టు ఆటగాడు సచియో కినుగాసాది. అమెరికాలో ఈ లెక్కకు రాజు బాల్టిమోర్ జట్టు కాల్ రిప్కెన్, 2,632 మ్యాచ్‌లు. ఆయన కూడా చాలా ఏళ్లు షార్ట్‌స్టాపే. 2017 మే నెలలో ఒక బంతి నేరుగా వచ్చి తొరితాని ముఖానికి తగిలింది. ముక్కు ఎముక విరిగింది. మర్నాడు ముఖానికి నల్లటి రక్షణ తొడుగు పెట్టుకుని మళ్లీ బ్యాటు పట్టుకుని వచ్చాడు. ఆ ఏడే సెప్టెంబరులో కోషియెన్‌లోనే రెండు వేల హిట్లు పూర్తిచేశాడు. ముక్కు విరిగినా ఆడడం మంచిదా అంటే, మీకు మాత్రం వద్దనే చెబుతాను. దెబ్బ తగిలితే డాక్టరు చెప్పినట్టే వినండి. ఆయన మొండితనం ఆయనది.

నాకు బాగా నచ్చింది మాత్రం వేరే ఘట్టం. 2013 మార్చి, టోక్యో డోమ్, ప్రపంచ పోటీల్లో జపాన్, చైనీస్ తైపే తలపడ్డాయి. తొమ్మిదో, అంటే చివరి ఇన్నింగ్స్. జపాన్ ఒక పరుగు వెనకబడి ఉంది. ఇద్దరు అవుట్, ఇంకొకరు అవుటైతే ఓటమి. తొరితాని మొదటి బేస్ మీద ఉన్నాడు. ఆ క్షణంలో రెండో బేస్‌కు పరుగుతీసి దొంగిలించాడు. పట్టుబడితే మ్యాచ్ అక్కడితో అయిపోయేది, జపాన్ మొత్తం ఆయన్నే తిట్టేది. పట్టుబడలేదు. తర్వాత హిరోకాజు ఇబాతా కొట్టిన దెబ్బకు ఇంటికి చేరి స్కోరు సమం చేశాడు. ఈ ఇబాతా కూడా పేరున్న షార్ట్‌స్టాపే. పదో ఇన్నింగ్స్‌లో జపాన్ 4-3తో గెలిచింది. పదేళ్లు రోజూ మైదానానికి వచ్చినవాడికే ఆ అడుగు ఎప్పుడు వేయాలో తెలుస్తుంది.

2018లో ఆ వరుస తెగింది. 2019 తర్వాత టైగర్స్ ఆయన్ను వదిలేసింది. వేరే జట్టు, చిబా లొట్టే, పిలిస్తే వెళ్లి బెంచీ మీద కూర్చోవడానికి కూడా ఒప్పుకున్నాడు. 2021లో ఆట మానేశాడు. పద్దెనిమిది సీజన్లు.

తొరితానికి దేశపు టోపీ దొరికింది, నిండిన స్టేడియం దొరికింది. గౌడ్‌కు రెండూ లేవు. కానీ చేసిన పని ఒక్కటే. పొద్దున్నే లేచి నిన్న చేసినదే ఈరోజు మళ్లీ చేయడం. వంద రంజీ మ్యాచ్‌లంటే నాలుగు వందల రోజులు మైదానంలో. ఇది మ్యాచ్‌ల లెక్క మాత్రమే, నెట్స్ ఇందులో లేవు.

దాదాపు దశాబ్దం రైల్వేస్‌కు ఆడాక గౌడ్ 2006లో కర్ణాటకకు తిరిగి వచ్చారు. ఎక్కడ చోటు దొరకలేదో అదే జట్టుకు, అదీ కెప్టెన్‌గా. అప్పటికి వయసు ముప్పై ఐదు. టీ20లు మొదలవుతున్న రోజులు, కుర్రాళ్లంతా బలంగా బాదడం నేర్చుకుంటున్నారు. ఆయన మాత్రం తన పాత పద్ధతిలోనే, బంతిని వదిలేసే పద్ధతిలోనే ఆడారు. తర్వాత కోచ్ అయ్యారు. 2019-20 సీజన్‌లో ఆయన కోచ్‌గా ఉండగా కర్ణాటక యాభై ఓవర్ల విజయ్ హజారే ట్రోఫీని, ఇరవై ఓవర్ల సయ్యద్ ముస్తాక్ అలీ ట్రోఫీని గెలిచింది. రెండు ఫైనల్స్‌లోనూ ప్రత్యర్థి తమిళనాడే. సూరత్‌లో జరిగిన ఆ టీ20 ఫైనల్‌ను కర్ణాటక గెలిచింది ఒకే ఒక్క పరుగు తేడాతో. నాలుగు రోజుల ఆటలో పండిపోయిన మనిషి ఇరవై ఓవర్ల జట్టును గెలిపించడం చూసి నాకు నవ్వొచ్చింది. ఆనందంతోనే లెండి.

బడిలో ఇదంతా చెప్పాక ముందు వరుస పిల్లాడు నోటుబుక్కు వెనక పేజీలో ఏదో లెక్క వేస్తున్నాడు. ఏమిట్రా అంటే, "ఒక పరుగుకు ఇరవై మీటర్లు కదా సార్. ఏడు వేల పరుగులకు లక్షా నలభై వేల మీటర్లు. నూట నలభై కిలోమీటర్లు!" అన్నాడు. రైచూరు నుంచి సింధనూరు దాటి ఇంకా చాలా దూరం. వెనక నుంచి ఇంకొకడు అడ్డొచ్చాడు. "ఫోర్లు కొడితే పరుగెత్తక్కర్లేదు కదరా, అవన్నీ తీసెయ్." మొదటివాడి ముఖం చిన్నబోయింది, కొట్టివేతలు మొదలుపెట్టాడు. కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. మెల్లగా లేచి నిలబడింది.

"తీసెయ్యకు. అవతలివాడు కొట్టిన పరుగులకు కూడా ఈయన పరుగెత్తి ఉంటాడు కదా సార్. అవి ఎవరూ రాయలేదు."

పిల్లాడు పెన్ను పట్టుకుని మళ్లీ మొదటి నుంచి లెక్క మొదలుపెట్టాడు.